‘ఆటంకం’ అని రాయమన్నారు

బస్సు లేటుగా వస్తే ఎందుకు లేటయిందో చెప్పాలి. కండక్టరు ఉద్యోగంలో టికెట్ కొట్టడం కంటే ముందు నేర్చుకోవాల్సిన విద్య ఇదే. బస్టాండులో కంట్రోలరు కిటికీలోంచి తల బయటపెట్టి “ఏమ్మా, ఇంత లేటు?” అంటాడు. అప్పటికే మన నోట్లో జవాబు సిద్ధంగా ఉండాలి. గొర్రెలు అడ్డం వచ్చినాయి సార్. పెండ్లి మేళం అడ్డం వచ్చింది సార్. ఎవడో ట్రాక్టరు అడ్డం పెట్టి యాడికో పోయినాడు సార్. ఇందులో సగం నిజం, సగం నోటి అలవాటు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తల ఊపి లోపలికి తీసుకుంటాడు, మనం టీ తాగడానికి పోతాం.

అడ్డం అనే మాట మా నోళ్లలో అంత తేలిగ్గా తిరుగుతుంది. మా అవ్వ దీపం వెలిగించి గాలికి చెయ్యి అడ్డం పెట్టేది. చేన్లో గొడ్లు పడకుండా కంప అడ్డం వేస్తాం. ఆవులింత వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోమని పిల్లలకు చెప్తాం. మా నాయన నామీద చెయ్యెత్తినప్పుడల్లా మా అమ్మ అడ్డం వచ్చేది, ఆ దెబ్బ తనే తినేది. ఇందులో ఎక్కడా నేరం లేదు. నేరం కావాలంటే దానికి కాగితం మీద రాసే ఇంకో మాట కావాలట. దాన్ని ఆటంకం అంటారని, ఆ ఒక్క మాటతో ఒక ఆడపిల్ల బతుకుని పక్కకు నెట్టేయవచ్చని నాకు సర్వీసు చివర్లో తెలిసింది.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. పెద్దవాళ్లు ఇలాంటివి రాసేటప్పుడు శాంతంగా రాస్తారు, నాకు ఆ శాంతం ఇంకా రాలేదు. చదువుతుంటే మీకూ కోపం వస్తే రానివ్వండి.

నేను హిందూపురం మనిషిని. ఆడవాళ్లు భుజాన బ్యాగు వేసుకుని బస్సులో టికెట్లు కొడుతుంటే జనం వింతగా చూసే రోజుల్లో చేరాను. చివరి సంవత్సరాల్లో నాకు పొద్దుటి ధర్మవరం సర్వీసు వేశారు. హిందూపురంలో బయలుదేరి, పెనుకొండ మీదుగా ధర్మవరం. నాతో డ్యూటీ చేసిన డ్రైవరు నాకంటే చిన్నవాడు. నన్ను అక్కా అనేవాడు, నేను ఆయన్ని భాయ్ అనేదాన్ని. రంజాన్ నెలలో ఆయన ఉపవాసం ఉంటాడని నేను వెనక సీట్లోకి పోయి దొంగలాగా సద్ది తినేదాన్ని. ఒకరోజు కనిపెట్టి “ఈడికే రా అక్కా, నీ సద్ది చూస్తే నా ఉపవాసం చెడిపోదులే” అని నవ్వాడు. మంచివాడు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నా, తర్వాత జరిగింది చదివి ఆయన్ని తిట్టుకోవద్దు. తిట్టాల్సినవాళ్లు వేరే ఉన్నారు.

పెనుకొండ దాటి, హైవే దిగి, ధర్మవరం దారి పట్టాక ఒక క్రాస్ వస్తుంది. ఊరు లోపలికి ఉంటుంది. ఆ ఊరి ఆడపిల్లలు ధర్మవరంలో డిగ్రీ చదవడానికి ఆ క్రాస్ దగ్గర నిలబడేవాళ్లు. అందరివీ పాసులే. బస్సువాళ్ల భాషలో వాళ్లని పాసు పిల్లలంటారు. పాసు పిల్లలు ఎక్కితే సీట్లు నిండుతాయి, బ్యాగు నిండదు. మా డిపో పెద్దసారుకు ఆ బ్యాగు మీదే ప్రేమ. మీటింగుల్లో “దారిలో పాసులన్నీ ఏరుకుని వస్తే కలెక్షన్ ఎక్కడ నుంచి వస్తుందయ్యా?” అని డ్రైవర్లను నిలబెట్టి అడిగేవాడు. ఆ క్రాస్ దగ్గర ఆపొద్దని మాత్రం ఎక్కడా రాసి ఇవ్వలేదు. రాసిస్తే అది తన మీదికి వస్తుందని తెలియనంత తెలివితక్కువవాడు కాదు.

ఆపకుండా పోవడానికి డ్రైవర్ల దగ్గర ఒక సైగ ఉంది. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి వెనక్కి ఊపుతారు. వెనకాల ఇంకో బస్సు వస్తోంది, దాంట్లో రండి అని దాని అర్థం. ఊరి జనం ఆ చేతిని నమ్ముతారు. ఎత్తిన చెయ్యి దించేసి వెనక బస్సు కోసం చూస్తారు. మా వెనకాల బస్సు ఉండేది కాదు, మధ్యాహ్నం దాకా ఏదీ లేదు.

నేను “హోల్డాన్, హోల్డాన్” అని అరిచేదాన్ని. కండక్టరు హోల్డాన్ అంటే బస్సు ఆగాలి, మాకు నేర్పింది అదే. భాయ్ మాత్రం వినపడనట్టు గేరు మార్చేవాడు.

“భాయ్, నీకేమన్నా చెవుడా?” అన్నాను ఒకరోజు.

“నీకేమక్కా, నువ్వు అరుస్తావు. పిలిపించి తిట్టేది నన్ను గదా. నా ఫైలు ఆయప్ప చేతిలో ఉండాది.”

అది నిజమే. ఎప్పుడో ఒక స్కూటరువాడు వచ్చి బస్సుకు తగిలి కాలు విరగ్గొట్టుకున్నాడు. తప్పు వాడిదేనని చూసినవాళ్లందరూ చెప్పారు. అయినా ఆ ఎంక్వైరీని మూయకుండా పెద్దసారు తన బీరువాలో పెట్టుకున్నాడు. అవసరం వచ్చినప్పుడల్లా దాని సంగతి ఎత్తేవాడు. అందుకే భాయ్ చెయ్యి కిటికీలోంచి వెనక్కి ఊగేది.

ఆ పిల్లల్లో పొడుగ్గా, బక్కగా ఒక అమ్మాయి ఉండేది. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతోంది. సెలవు రోజుల్లో పొద్దున మేము ఆ దారిలో వస్తుంటే రోడ్డు పక్కన పరిగెత్తుతూ కనపడేది. బస్సు దాటిపోయేటప్పుడు కాసేపు మాతో పందెం వేసుకున్నట్టు వేగం పెంచేది, నాకు నవ్వొచ్చేది. కాలేజీ ఉన్న రోజున ఆమె మేము వచ్చేసరికే పరుగు ముగించి, స్నానం చేసి, పుస్తకాలు పట్టుకుని క్రాస్ దగ్గర చెయ్యెత్తి ఉండేది. ఆమెకు తల్లీ తండ్రీ లేరు, అవ్వ ఒక్కతే. ఇంత శెనక్కాయల చేను, రెండు మేకలు. ఆ పిల్ల కానిస్టేబుల్ అయితే తప్ప ఆ ఇంటికి ఇంకో దారి లేదు.

పిల్లలు ఊరికే కూర్చోలేదు. డిపోకు వచ్చి పెద్దసారును కలిశారు. అది స్టాప్ కాదమ్మా అన్నాడట. మరైతే స్టాప్ చేయండి సార్ అన్నారట. చూద్దాం అన్నాడట. మాకు పైవాళ్లు చూద్దాం అన్నారంటే ఇంక చూడరని అర్థం. అది పిల్లలకు తెలియదు, చాలా రోజులు ఎదురుచూశారు.

తర్వాత వాళ్లకు పరీక్షలు వచ్చాయి. మొదటి పరీక్ష రోజు మేము ఆపలేదు. బస్సు నిండుగా ఉందని భాయ్ సాకు, నిండుగా ఉన్న మాట నిజమే గాని నిలబడడానికి చోటు ఉంది. పిల్లలు వెనకాల వచ్చిన ఇటుకల లారీ ఎక్కి ధర్మవరం చేరేసరికి గేటు మూసేశారు. ఏడ్చుకుంటూ తిరిగి వెళ్లారని సాయంత్రం తెలిసింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

రెండో పరీక్ష రోజు మేము మలుపు తిరిగేసరికి రోడ్డుకు అడ్డంగా తుమ్మకంప పడి ఉంది. చేను కావలికి వేసే కంపే, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా. దాని వెనక పిల్లలు వరసగా నిలబడ్డారు. చేతుల్లో పరీక్ష అట్టలు. ముందర ఆ బక్క అమ్మాయి అవ్వ, చేతిలో కట్టె. భాయ్ బ్రేకు మీద నిలబడ్డాడు. నేను ముందు సీటు కడ్డీ పట్టుకోకపోతే అద్దంలోంచి బయటపడేదాన్ని.

“ఏయ్, తీయండి కంప! ఏమనుకుంటాండారు మీరు?” భాయ్ కిటికీలోంచి అరిచాడు.

అవ్వ కదల్లేదు. “గొడ్లు చేన్లో పడకుండా ఏసే కంప నాయనా ఇది. మీ బస్సు నిలబడల్లని ఈడ ఏసినాం. ఇంగేం చేయల్ల చెప్పు. చెయ్యెత్తితే నిలపరు, అరిస్తే నిలపరు.”

“పరీక్ష ఉండాది సార్, ఎక్కించుకోండి. కంప మేమే తీసేస్తాం,” అంది పరుగు అమ్మాయి.

నేను తలుపు దగ్గరికి పోయి “ఎక్కండి” అన్నాను. వాళ్లే గబగబా కంప ఈడ్చి గట్టు మీద పడేశారు. ముళ్లు దిగిన వేళ్లు నోట్లో పెట్టుకుంటూ ఎక్కారు. అలవాటు కొద్దీ “పాసులు తీయండి” అన్నాను. అందరూ తీసి చూపించారు. పరుగు అమ్మాయి “మీకు లేటయిందా మేడం?” అని అడిగింది. నెలల తరబడి వాళ్లని రోడ్డు మీద వదిలేసి పోయిన బస్సు అది, లేటయిందా అని అడుగుతోంది. “లేదులే, కూర్చో” అన్నాను. కూర్చోవడానికి సీటు కూడా లేదు.

ముందు సీట్లో ఎవరో ఫోను పట్టుకుని ఇదంతా తీస్తున్నాడు. ఎందుకు ఆపారమ్మా అని అడిగితే ఆ అమ్మాయి ఫోను వైపు తిరిగి “మేము చెయ్యెత్తితే నిలపల్ల గదా సార్? ఇది మా బస్సు కాదా?” అంది. అంతే. ఇంకో మాట లేదు, ఎవరినీ ఒక్క తిట్టు లేదు.

ధర్మవరంలో పిల్లలు దిగి పరిగెత్తారు. నాకు చాలా రోజుల తర్వాత మనసు తేలికయింది. కంట్రోలరు కిటికీలోంచి తల బయటపెట్టి “ఏమ్మా, ఇంత లేటు?” అన్నాడు. నేను నవ్వుతూనే అన్నాను, “ఆడపిల్లలు అడ్డం వచ్చినారు సార్” అని. గొర్రెలు అడ్డం వచ్చినాయని చెప్పే గొంతుతోనే. చెప్పి టీకి పోయాను.

నా నోరు పడిపోను, ఆ మాట అక్కడ వదిలేసి పోయాను.

సాయంత్రానికి ఆ వీడియో ఊరూరా తిరిగింది. ఇది మా బస్సు కాదా అని ఒక పిల్ల అడుగుతుంటే జవాబు చెప్పాల్సిన పెద్దసారుకు పైనుంచి ఫోన్లు వచ్చాయి. ఆయన కంట్రోలరును అడిగాడు. బస్సుకు అడ్డం వచ్చినారని కండక్టరమ్మే చెప్పింది సార్ అన్నాడు కంట్రోలరు. ఆయన చెప్పింది అబద్ధం కాదు కదా.

మరుసటి రోజు నన్ను పిలిపించారు. పెద్దసారు తెల్లకాగితం, పెన్ను నా ముందుకు జరిపాడు.

“కంప్లెయింట్ రాయండి.”

“ఏమని సార్?”

“విద్యార్థినులు బస్సును అడ్డగించి మీ విధులకు ఆటంకం కలిగించారు అని.”

“అడ్డం వచ్చినారు సార్. బస్సు ఎక్కినారు. పోయినారు. అంతే.”

“అడ్డం అంటే సరిపోదమ్మా. విధులకు ఆటంకం అని ఉండాలి. ఆ మాట లేకపోతే కేసు నిలబడదు. మీరే కదా కంట్రోలర్‌కి చెప్పారు?”

నాకు కాళ్ల నుంచి మంట లేచింది. “చెప్పినా సార్. మొన్న గొర్రెలు అడ్డం వచ్చినాయని కూడా చెప్పినా. వాటి మీద పెట్టినారా కేసు?”

పక్కన నిలబడ్డ గుమాస్తా నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాడు. పెద్దసారు నవ్వలేదు. “రిటైర్మెంట్ దగ్గర్లో ఉన్నారు. ఆలోచించుకోండి,” అన్నాడు మెల్లగా. అరిచి ఉంటే ఊరుకునేదాన్నేమో, ఆ మెల్లగా అనడం నన్ను ఇంకా మండించింది. పెన్ను బల్ల మీద పెట్టి, నేను రాయను సార్ అని చెప్పి బయటికి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే ఛాతీ పొంగింది కూడా. నేను రాయకపోతే కేసు లేదు కదా అనుకున్నాను. అంత సర్వీసు చేసి ఆ మాత్రం తెలియని మనిషిని నేను. బస్సులో ఉద్యోగులు ఇద్దరుంటారు కదా.

ఆ మధ్యాహ్నమే భాయ్‌ని పిలిచారు. బీరువా తలుపు తెరిచారు. ఆయనకు చెప్పి రాయించారు, ఆయన రాశాడు. ఆటంకం అనే మాట దానిలో రెండు చోట్ల ఉందని తర్వాత విన్నాను. వీడియోలో ముఖం బాగా కనపడింది పరుగు అమ్మాయిదే కాబట్టి ఆమె పేరు మొదట పెట్టారు. తర్వాత అవ్వ పేరు. నడుము సరిగ్గా నిలబడని ముసలామె సర్కారు బస్సును బలప్రయోగంతో నిలిపిందట.

నేను భాయ్‌తో మాట్లాడడం మానేశాను. ఒకే బస్సులో పొద్దంతా తిరిగేవాళ్లం, మా మధ్య రెండే మాటలు. హోల్డాన్, రైట్ రైట్. ఒకరోజు ఆయనే వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

“నా మీద కోపం ఉండాది గదా అక్కా నీకు.”

“నీ మీద కాదు భాయ్. నీ చేతి మీద. ఊపితే అబద్ధం ఊపింది, రాస్తే అబద్ధం రాసింది.”

ఆ మాట అన్నందుకు ఇప్పుడు బాధగా ఉంది. ఆయనకు ముగ్గురు పిల్లలు, నాకు ఉద్యోగం అయిపోవచ్చింది. ధైర్యం నాకు తేలిగ్గా దొరికింది, ఆయనకు దొరకలేదు.

నేను రిటైరయిన తర్వాత ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి, అవ్వ హిందూపురంలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. పరుగులో పాసయిందట. రాతపరీక్షలో పాసయిందట. ఇక ఊర్లో విచారణ చేసి ఉద్యోగం ఇవ్వడమే మిగిలిందనగా, కేసు ఉందని పక్కన పెట్టారట. కేసు తేలితే చూస్తామన్నారట.

“సర్కారు పనికి అడ్డం వచ్చిన పిల్లకు సర్కారు పని ఎట్లిస్తారని అడిగినారమ్మా,” అంది అవ్వ. “కంప ఏసింది నేను. కేసు నా ఒక్కదాని మీదే పెట్టుకోమంటే వినరు.”

అమ్మాయి మాత్రం ఏడవలేదు. “మీరు కోర్టులో చెప్తారా మేడం?” అని అడిగింది.

చెప్తానన్నాను. చెప్పడానికి వాయిదా రావాలి కదా. పెనుకొండ కోర్టుకు మేము ఎన్నిసార్లు పోయామో లెక్కపెట్టలేదు. ఒకసారి వకీలు రాడు, ఒకసారి పెద్దసారు రాడు, ఒకసారి అందరూ వస్తే వేరే కేసు సాగి సాగి మా వంతు రాదు. అమ్మాయి ప్రతిసారీ ఇస్త్రీ చేసిన చుడీదార్ వేసుకుని వచ్చి గోడకు ఆనకుండా నిటారుగా నిలబడేది, కానిస్టేబుల్ ఎట్లా నిలబడాలో అట్లా. నాకు చూడబుద్ధి అయ్యేది కాదు.

ఆఖరికి భాయ్ వంతు వచ్చింది. బోనులో నిలబడి చేతులు కట్టుకున్నాడు. మిమ్మల్ని తోశారా, బెదిరించారా అని సర్కారు వకీలు అడిగాడు. భాయ్ తలెత్తి, “నన్ను ఎవరూ ఏమీ అనలేదు సార్. కంప వాళ్లే తీసినారు” అన్నాడు. ఆ బీరువా సంగతి నాకు తెలుసు కాబట్టి, ఆ రెండు ముక్కల బరువెంతో కూడా తెలుసు.

తర్వాత నేను. ఈమె తనవైపు సాక్షే కదా అన్న ధీమాతో సర్కారు వకీలు అడిగాడు.

“ఆ రోజు మీ విధులకు ఆటంకం కలిగిందా, లేదా?”

“నా డ్యూటీ రోడ్డు మీద నిలబడినోళ్లని ఎక్కించుకునేది సార్. ఆ పొద్దు ఎక్కించుకున్నా. దానికి ముందు నెలల పొడుగునా ఎక్కించుకోనీయలేదు నన్ను. నా డ్యూటీకి ఎవరు అడ్డం వచ్చినారో అడగండి, చెప్తా.”

అడిగిన దానికి మాత్రమే జవాబు చెప్పమన్నారు. నేను ఇంకోసారి అడగండి అన్నాను. ఎవరూ అడగలేదు. పేరు నా నాలుక చివర ఉంది, దాన్ని మింగేసి బోను దిగాను. బయటికి వస్తుంటే వరండాలో ఎవరో గుమాస్తా ఇంకో గుమాస్తాతో కండక్టరమ్మ అడ్డం తిరిగింది అన్నాడు. ఆ మాట వినడానికి మాత్రం నాకు బాగుంది. భాయ్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. టీ తాగుదామా అక్కా అన్నాడు. తాగాము.

కేసు కొట్టేశారు. అమ్మాయి ఆ తీర్పు కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఆ సెలెక్షన్ ఎప్పుడో ముగిసిందన్నారు. ఇంకో నోటిఫికేషన్ వచ్చేసరికి ఆమె వయసు దాటింది. తప్పు ఎవరిదీ కాదట, రూలు అట్లా ఉందట. పెద్దసారు అప్పటికే ప్రమోషన్ మీద పెద్ద ఊరికి పోయాడు. పోయేటప్పుడు దండలు వేశారు, నన్నూ రమ్మని కబురు పెట్టారు. నేను పోలేదు. ఆయన రాయించిన ఆ మాట ఆయనకు గుర్తు కూడా ఉండదు. ఆ దారిలో పిల్లల చదువుకు, పరీక్షకు, ఉద్యోగానికి ఆటంకం కలిగించినవాడి మీద ఈనాటికీ ఏ స్టేషన్లోనూ ఏ కాగితమూ లేదు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు బీపీ మాత్ర ఇంకోటి వేసుకోవాలనిపిస్తుంది.

మొన్న ధర్మవరంలో చుట్టాల ఇంట్లో శుభకార్యం ఉంటే అదే పొద్దుటి బస్సు ఎక్కాను. కొత్త డ్రైవరు, కొత్త కండక్టరు పిల్ల. క్రాస్ దగ్గర బస్సు తనంతట తానే ఆగింది. ఇప్పుడు అక్కడ బోర్డు ఉంది, కూర్చోవడానికి అరుగు ఉంది. పాసు పిల్లలు కబుర్లు చెప్పుకుంటూ ఎక్కారు. ఎవరూ చెయ్యెత్తే పని కూడా లేదు. ఒక పిల్ల నా పక్కన కూర్చుంటే, పొద్దున్నే రోడ్డు మీద పరిగెత్తే అక్క ఒకామె మీ ఊర్లో ఉండాల, ఎట్లుండాది అని అడిగాను.

“ఆ అక్కా? గార్మెంట్స్‌కు పోతాంది మేడం, గోరంట్ల పక్కన. మిషన్ కుట్టేదానికి.”

“ఆడికి ఎట్లా పోతాంది? బస్సుందా?”

“ఫ్యాక్టరీ బస్సు ఉండాది గదా మేడం. చీకటితోనే వస్తాది. వాళ్లింటి ముందరే నిలబెట్టి, అక్క వచ్చేదాకా హారన్ కొడతాడు.”